వెనక బెంచీలో వరాలమ్మ టీచరు

నిన్న మా బడిలో ఒక గది నల్లబల్లను తడిగుడ్డతో తుడిచారు. మిగతా గదులకు తెల్లబల్లలు వచ్చేశాయి, అదొక్కటే మిగిలింది. తడి ఆరుతుంటే సుద్ద వాసన వరండాలోకి వచ్చింది. ఆ వాసనకు నాకు వరాలమ్మ టీచరు గుర్తొచ్చారు. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఖరగ్‌పూర్‌లో రైల్వేవాళ్ల పిల్లలు చదివే ఒక తెలుగు బడిలో ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పారు. తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ట్రాఫిక్ కాలనీ క్వార్టర్లలోనే. నేను బి.ఎడ్. చదివి పట్టా తెచ్చుకున్నాను గానీ, పాఠం చెప్పడం నేర్చుకున్నది ఆవిడ దగ్గరే.

నాది గుంటూరు వైపు. మా ఆయన రైల్వే ఉద్యోగం వల్ల పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి, వరాలమ్మ టీచరు పనిచేసే బడిలోనే చేరాను. అయిదో తరగతి ఇచ్చారు. నా చేతిరాత బాగుంటుంది. గంట కొట్టేసరికి బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు నిండిపోయేది. పిల్లలు కిక్కురుమనకుండా ఎక్కించుకునేవారు. ఆ నిశ్శబ్దం నా గొప్పే అనుకున్నాను. మొదటి పరీక్షలో సగం మందికి తీసివేతలు రాలేదు. గౌరి అనే పిల్లకైతే ఒక్కటీ రాలేదు. ఆ పిల్ల క్లాసులో నోరు విప్పేది కాదు. పునాది లేదని తేల్చేసి, తిరిగి నాలుగో తరగతిలో కూర్చోబెట్టమని కాగితం రాసి హెడ్మాస్టరుగారికి ఇచ్చాను. ఆయన ఆ కాగితాన్ని వరాలమ్మ టీచరుకు చూపించారు.

ఆవిడ నాతో వాదించలేదు. మధ్యాహ్నం అన్నాల వేళ నా పక్కన కూర్చుని, తన డబ్బాలోంచి రెండు వడియాలు నా డబ్బా మూతలో వేసి, మామూలుగా అన్నారు.

"ఒక్క వారం ఆగమ్మా. ఈ వారం నీ క్లాసులో నాను ఎనక బెంచీలో కూకుంటాను. నీకు ఇష్టమైతేనే సుమీ."

ఇష్టం లేదు. పెద్దావిడకు కాదని చెప్పలేక తలూపాను. తప్పులు పట్టడానికే వస్తున్నారనుకుని ఆ రాత్రి పాఠం రెండుసార్లు చూసుకున్నాను. మర్నాడు ఆవిడ పొడుగు నోటుపుస్తకం పట్టుకుని చివరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. రెండు రోజులు ఏదో రాసుకుంటూనే ఉన్నారు. మూడో రోజు నేను గౌరిని బల్ల దగ్గరకు పిలిచాను. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసెయ్యమంటే ముప్ఫై అయిదు వేసింది. ఎలా వచ్చిందని గద్దించాను. నేలచూపులు చూస్తూ చెప్పింది.

"ఏడులోంచి రెండు తీసినాను టీచరూ. పెద్దదాన్లోంచే కదేటి సిన్నది తీస్తాం."

"సిన్నది కాదు, చిన్నది. కదేటి ఏమిటి? కదా అనాలి," అన్నాను. పిల్లలు నవ్వారు. గౌరి సుద్దముక్క బల్ల అంచున పెట్టి వెళ్లి కూర్చుంది. నేను ఆ లెక్క తుడిచేసి, నేనే మళ్లీ చేసి చూపించాను.

ఆ సాయంత్రం స్టాఫ్ రూములో వరాలమ్మ టీచరు నోటుపుస్తకం నా ముందు తెరిచారు. అందులో పొగడ్తా లేదు, విమర్శా లేదు. నేను అడిగిన ప్రశ్నలూ, వాటికి ఎవరు జవాబు చెప్పారన్నదీ వరసగా రాసి ఉన్నాయి. చాలావాటికి ఎదురుగా నా పేరే ఉంది. అడిగింది నేనే, ఊపిరి తీసుకునేలోపు జవాబు చెప్పుకున్నదీ నేనే. పేజీ చివర గౌరి అన్న మాటలు, అన్న యాసలోనే, ఒక్క అక్షరం మారకుండా ఉన్నాయి.

"ఇది సదువు," అన్నారు. చదివాను.

"ఆ పిల్ల తన తప్పు ఎక్కడున్నాదో తనే సెప్పేసినాది. అంకె పైనున్నా కిందున్నా, పెద్దదాన్లోంచి సిన్నది తీసేస్తన్నాది. దాని పరీక్ష కాగితం తీసి సూడు, అన్నీ ఒకేలాగ తప్పుతాయి. లెక్క సెప్తంటే నువ్వు మాట దిద్దినావమ్మా."

కాగితం తీసి చూశాను. పది లెక్కల్లోనూ అదే పద్ధతి. పునాది లేదని నేను రాసిన పిల్ల, తనకు తోచిన నియమాన్ని ఒక్కచోటా తప్పకుండా పాటించింది. నాకు సిగ్గేసింది. ఇప్పుడేం చెయ్యాలని అడిగాను. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి తెమ్మన్నారు. మళ్లీ చెప్పబోవద్దనీ, అడిగాక నోరు మూసుకుని మనసులో పది లెక్కపెట్టమనీ చెప్పారు. అంతకంటే కష్టమైన పని ఉద్యోగంలో ఇంకోటి లేదన్నారు.

మర్నాడు గౌరి బల్ల మీద అయిదు కట్టలూ రెండు విడి పుల్లలూ పెట్టి, ఇందులోంచి ఏడు పుల్లలు ఇవ్వమన్నాను. పది లెక్కపెట్టాను. ఆ పిల్ల కదల్లేదు. మళ్లీ పది. వెనక ఎవరో జవాబు చెప్పబోతే చెయ్యెత్తి ఆపాను. గౌరి నా మొహంలోకి చూసింది. మళ్లీ అందరిచేత నవ్విస్తానేమోనని ఆ చూపులో భయం ఉంది. చివరికి మెల్లగా అంది.

"రెండే ఉన్నాయి టీచరూ. కట్ట ఇప్పాల."

"ఇప్పు," అన్నాను.

ఆ మాట నా నోట ఆ పిల్ల పలికినట్టే వచ్చింది. ఎవరూ నవ్వలేదు. గౌరి రబ్బరు బ్యాండు తీసి, పుల్లలు పరిచి, ఏడు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. ఇంటర్వెల్లో హెడ్మాస్టరుగారి గదికి వెళ్లి నా కాగితం వెనక్కి తీసుకున్నాను. ఆ ఏడాది గౌరికి గొప్ప మార్కులేమీ రాలేదు. ఆరో తరగతికి వెళ్లింది. వెళ్లేనాటికి మాత్రం బాగా మాట్లాడేది, ఒక్కోసారి ఆపడం కష్టమయ్యేది.

తర్వాత వారం వరాలమ్మ టీచరు తన క్లాసులో నన్ను కూర్చోమన్నారు. ఆవిడ పాఠం చూసి నేర్చుకోమంటున్నారనుకున్నాను. ఆ రోజు భిన్నాల పాఠం కుదరలేదు. పిల్లల మొహాల్లో అర్థమైన జాడ కనబడలేదు. గంట కొట్టే ముందు ఆవిడ సుద్ద కింద పెట్టి, "ఈయేళ నాకు సెప్పడం రానేదు. రేపు ఇంకోలాగ సెప్తాను," అని పిల్లలతో అన్నారు. బయటికి వచ్చాక, ఎక్కడ తప్పిందో చెప్పమని నన్నడిగారు. అన్నేళ్ల అనుభవం ఉన్నావిడ నిన్నగాక మొన్న చేరిన నన్ను అడుగుతుంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆవిడ ఎదురుచూస్తూ నిలబడ్డారు. చివరికి నాకు తోచింది చెప్పాను. రాసుకున్నారు.

ఆవిడ రిటైరయ్యాక ఊళ్లోనే ఖరిదా పేటలో తమ్ముడి ఇంట్లో ఉండేవారు. అప్పటికి నేను అదే ఊళ్లో ఇందా అనే పేటలో వేరే బడికి మారాను. కొత్త టీచర్ల పాఠాలు చూసే బాధ్యత నాకు ఇచ్చారని చెప్పడానికి ఒక ఆదివారం వెళ్లాను. చూపు బాగా తగ్గింది. నా గొంతు పట్టి గుర్తుపట్టారు. ఎవరెవరి పాఠాలు చూశానో, ఏమేం చెప్పానో ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. అంతా విని, ఒక్కటే అడిగారు.

"మరి నీ పాఠం ఎవులు సూస్తన్నారమ్మా?"

ఎవరూ చూడటం లేదు. అయిదేళ్లుగా నా క్లాసులో పెద్దవాళ్లెవరూ అడుగుపెట్టలేదని అప్పుడే తెలిసింది. ఆవిడతో అదే చెప్పాను. నాకు టీ ఇమ్మని లోపలికి కేకేశారు.

మర్నాడు మా బడిలో అందరికంటే చిన్నదైన సుమిత అనే బెంగాలీ టీచరుని నా క్లాసుకు రమ్మన్నాను. పాపం, చెమటలు పట్టి కూర్చుంది. పాఠం అయ్యాక ఎక్కడ తప్పిందో చెప్పమన్నాను. నేను పది లెక్కపెట్టాను. ఇంకో పది కూడా. "దీదీ, కిటికీ వైపు వరసకి మీరు ఇవాళ ఒక్క ప్రశ్నా వెయ్యలేదు," అంది హిందీలో.

మర్నాడు పాఠం ఆ వరసతోనే మొదలుపెట్టాను. అప్పటినుంచి నెలకోసారి ఎవరో ఒకరు నా పాఠం చూస్తున్నారు. ప్రతిసారీ ముందురోజు కాస్త భయం వేస్తుంది. ఆ భయం ఉన్నంతకాలం నేను ఇంకా నేర్చుకుంటున్నాననే అనుకుంటాను.