కాంభోజికి నేను ఆవలించలేదు

నేను ఆవలించింది ఉపన్యాసానికి. టీవీలో చూపించింది కాంభోజి రాగానికి. ఇది అన్యాయం. ఎన్నేళ్ళు గడిచినా అన్యాయమే.

డెబ్బైల చివర్లో మా తెనాలిలో సంగీతోత్సవం జరిగితే, హైదరాబాదు నుంచి టీవీ వాళ్ళు వచ్చి ఫిల్ము తీసుకున్నారు. ఆ సాయంత్రం పాడింది రేపల్లె మాస్టారు. ఐదో తరగతితో బడి మానేసి రైసుమిల్లులో చేరిన నాకు రాగమంటే ఏమిటో చెవికెక్కించింది ఆయనే. ఆయన కచేరీ ఏ ఊళ్ళో జరిగినా ముందు వరసలో నా చోటు నాది. రాగం పాడుతూ కళ్ళు తెరిచినప్పుడల్లా నా మొహం చూసేవారు. నా తల ఊగుతుంటే ఇంకాస్త పెంచేవారు, కనుబొమ్మలు ముడిపడితే మెల్లగా ముగించేవారు. ఇది మేము అనుకుని పెట్టుకున్న ఏర్పాటు కాదు. అలా కుదిరింది, అంతే.

టీవీ వాళ్ళ దగ్గర ఉన్నది ఒక్కటే కెమెరా. పాట సాగినంతసేపూ అది వేదిక వైపే ఉంది. జనాన్ని తీసింది అంతకు ముందు, అధ్యక్షులవారు సంగీతం తప్ప సమస్తం గురించీ మాట్లాడుతున్నప్పుడు. పెద్ద దీపం ఒకటి మా వైపు తిప్పారు. పొద్దున్నుంచి మిల్లులో నిలబడ్డ మనిషిని, ఆ వేడికి ఆవలింత వచ్చింది. రాదా మరి?

కొన్నాళ్ళకు హైదరాబాదులో ఉద్యోగం చేసే మేనల్లుడు వచ్చాడు. గుమ్మంలోనే నవ్వు మొదలెట్టాడు.

"మామయ్యా, టీవీలో కనపడ్డావు! అక్కడ మాస్టారు గొంతు అలా పైకి తీసుకెళ్తుంటే, ఇక్కడ నువ్వు ఇంత నోరు తెరిచి..."

"ఎప్పుడు? దేనికి?"

"అదే, కాంభోజికి. తర్వాత ప్రేక్షకుల ఉత్తరాలు కూడా చదివారు. బాగుందని కొందరు రాశారులే. ఒకాయన మాత్రం, 'సంగీతం నాకు తెలియదు గానీ, ముందు వరసలో ఆవలించిన పెద్దమనిషి ఉన్నమాట చెప్పాడు' అన్నాడు. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వాం."

ఆ బొమ్మ నేను చూడలేదు. తెనాలిలో అప్పటికి టీవీ రాలేదు, రేపల్లె మాట చెప్పక్కర్లేదు. చూడని బొమ్మకు సంజాయిషీ చెప్పుకోవాల్సిన గతి నాది. జరిగింది జరిగినట్టు టీవీ వాళ్ళకు రాశాను, ఆ ఉత్తరాల కార్యక్రమంలోనే చదవమని. మళ్ళీ రాశాను. ఇప్పటికీ జవాబు లేదు.

కాఫీ హోటల్లో సంగతి పాకింది. "బాబాయి వచ్చాడ్రా, డికాషన్ గట్టిగా పొయ్యి. కాంభోజి వినొచ్చినట్టున్నాడు!" అని కుర్రాళ్ళు వేళాకోళం. వాళ్ళ నవ్వులు నేను పట్టించుకోలేదు. నా భయమంతా రేపల్లె గురించి. మాస్టారి తమ్ముడు కూడా హైదరాబాదులోనే ఉంటాడు. ఆయన చెప్పేశాడా? చెప్పకపోతే, నేనుగా వెళ్ళి ఈ కబురు మోసినవాణ్ణవుతాను. చెప్పి ఉంటే, నేను వెళ్ళకపోవడమే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. ఇలా అటూ ఇటూ ఊగుతూ రోజులు గడిపాను. నలుగురిలో ఉంటే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది.

ఈలోగా బాపట్ల ఉత్సవాల సంఘంవాళ్ళ అబ్బాయి మిల్లుకొచ్చాడు.

"ఏంటి బాబాయిగారూ, మాస్టారు ఈసారి మా కచేరీకి రానంటున్నారు? గొంతు పోయిందంటండి. ఆయన లేకపోతే మాకు పండగ ఏముందండీ?"

గొంతు పోలేదని నాకు అర్థమైపోయింది. అన్నం కూడా తినకుండా రేపల్లె బండెక్కాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను, దిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

తలుపు తీసింది మాస్టారి భార్య. "రండి అన్నయ్యగారూ. ఆ తంబూరా మీది గవిసెన గుడ్డ విప్పితే ఒట్టు. మీరైనా అడగండి" అని గొంతు తగ్గించి చెప్పారు.

మాస్టారు పడక్కుర్చీలో ఉన్నారు. నన్ను చూసి లేవలేదు.

"రావయ్యా. మా ఇంట్లో మంచం కూడా ఉంది, వాల్చమంటావా?"

అంటే తెలిసిపోయిందన్నమాట. ఒక్క కెమెరా, దీపం, ఉపన్యాసం అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. చివరికి కోపం ఆపుకోలేక, "అయినా మీరు నా మొహం చూస్తూనే పాడారు కదండీ! నేను ఆవలించానో లేదో ఎవరో వచ్చి చెప్పాలా మీకు?" అన్నాను.

"ఎక్కడ చూశానయ్యా? ఆ దీపాలు నా కళ్ళలో కొడుతున్నాయి. నువ్వున్న చోటంతా చీకటి. ఉన్నావో, లేచిపోయావో కూడా తెలీదు. ఎక్కడ ముగించాలో తెలీక కాంభోజిలో ఈదుకుంటూ పోయాను. తమ్ముడొచ్చి చెప్పాక, ఓహో, అక్కడ ఆపాల్సింది కామోసు అనుకున్నా."

ఇన్నాళ్ళూ నా పరువు గురించి మథనపడ్డానే గానీ, ఆ సాయంత్రం ఆయనకు నా మొహం కనపడలేదన్న సంగతి తట్టనే లేదు.

"ఆపాల్సిన పని లేదండి" అన్నాను. "మొదట్లో కాస్త తడబడ్డారు. అది నిజమే. పై షడ్జం అందుకున్నాక మాత్రం ఇంకా పాడితే బాగుండుననుకున్నాను. తల ఊపుతూనే ఉన్నానండి."

"తడబడ్డానా?"

"తడబడ్డారండి."

ఆయన మొహం తేటపడింది. భార్య వైపు చూశారు. ఆవిడ వెళ్ళి తంబూరా గవిసెన విప్పడం మొదలుపెట్టారు.

"బాపట్ల వాళ్ళకు ఏం చెప్పమంటారండీ?" అని అడిగాను.

"వస్తానని చెప్పు. ఆ దీపాలు మాత్రం పెట్టనివ్వద్దు. నువ్వు నీ చోట్లోనే కూర్చో. ఆవలింతొస్తే శుభ్రంగా ఆవలించు. నాకు కనపడేట్టు ఆవలించు, అంతే."