వదిన కాళ్ళకు పసుపు

రేపల్లెలో తెనాలి బండి ఉదయం ఏడు దాటాక కదిలింది. బండి ఇక్కడే బయలుదేరుతుంది కాబట్టి కాస్త ముందు వస్తే కిటికీ సీటు ఖాయం. నాకు కిటికీ లేకపోతే రైలెక్కినట్టే ఉండదు. ఎదురు సీట్లో మా వదిన సుశీల, ఒళ్ళో ఇడ్లీల డబ్బా పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు పాదాల మీదికి లాక్కుని కూర్చుంది. ప్లాట్‌ఫాం మీంచి మా అన్నయ్య, "డాక్టరమ్మ చెప్పింది ఒక్కటీ మర్చిపోకు పద్మా. ఆపరేషనంటే ఆపరేషనే, వెనకాడేది లేదు" అన్నాడు. మాట నాతో అన్నాడు గానీ చూపంతా వదిన మీదే ఉంది.

ఈ ప్రయాణం వదిన కాళ్ళ కోసం. పెద్దమనిషైన నాటి నుంచీ ఆవిడకు నడుము కింద లావు. కాన్పు తర్వాత ఇంకా పెరిగింది. తొడలూ పిక్కలూ బరువెక్కాయి. చెయ్యి తగిలితే నొప్పి. ఎప్పుడు ఏది తగిలిందో తెలియకుండానే చర్మం కమిలిపోతుంది. మా డెల్టాలో దోమలకు కొదవ లేదు కదా, ఆడమనిషి కాలు లావుగా కనబడితే చాలు, బోదకాలు అని తేల్చేస్తారు. వదినకూ ఆ పేరే పెట్టారు. ఆ జబ్బు పురుగుల కోసం రాత్రిపూట రక్తం తీసి చూస్తే ఏమీ దొరకలేదు. అయినా ఆ పేరు పోలేదు, మాత్రలు మింగించడమూ మానలేదు. తిండి తగ్గించమని ఇంకొందరు చెబితే వదిన అన్నం మానేసి రాగిజావ మీద బతికింది. మెడ ఎముకలు తేలాయి, జాకెట్లు వదులయ్యాయి, కాళ్ళు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, పేరంటం ఒక ఎత్తు. మా వైపు పేరంటానికి వచ్చిన ముత్తయిదువ కాళ్ళకు ఆ ఇంటావిడ వంగి పసుపు రాస్తుంది. ఒకసారి మా వీధిలోనే ఒకావిడ పసుపు గిన్నెతో వంగి, వదిన పిక్క చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. అంటుకుంటుందనుకుందో ఏమో. అప్పటి నుంచి వదిన ఎక్కడికి వెళ్ళినా "నాకు పసుపు పడదండి, బొట్టు చాలు" అనడం మొదలుపెట్టింది. తర్వాత పేరంటాలకు వెళ్ళడమే మానేసింది. ఏటా ఇంట్లో పసుపు కొమ్ములు దంచేది మాత్రం ఆవిడే.

నేను డాక్టరు మాట ఎత్తినప్పుడల్లా కాలికేస్తే వేలికి, వేలికేస్తే కాలికి వేసేది. చివరికి బాపట్లలో లెక్చరరుగా ఉన్న నా స్నేహితురాలు విజయ దారి చూపించింది. తనకూ ఇలాంటి కాళ్ళేనని, ఆపరేషన్ కూడా చేయించుకున్నానని ఫోన్లో చెప్పింది. "తెనాలికి వారానికోసారి రక్తనాళాల డాక్టరమ్మ వస్తుంది. ముందు ఆవిడకు చూపించండి. అక్కణ్ణుంచి మా ఇంటికి రండి" అంది. దాంతో వదినకు ఇంక సాకు దొరకలేదు.

భట్టిప్రోలు దాటాక డబ్బా తెరిచాం. ఇడ్లీ, అల్లప్పచ్చడి. జామకాయల బుట్టతో ఎక్కిన ఒక పెద్దావిడ వదిన కాళ్ళకేసే చూస్తూ, "ఏంటమ్మా ఆ కాళ్ళు, బోదకాలా?" అంది.

"తెలీదండి. చూపించుకోడానికే వెళ్తున్నాం" అంది వదిన, కుచ్చిళ్ళు ఇంకాస్త లాక్కుంటూ.

"డాక్టర్లెందుకమ్మా? వేపాకు నూరి కట్టు. మా తోడికోడలు అట్టాగే కట్టింది."

"తగ్గిందా పిన్నిగారూ?" అన్నాను. నాకు ఒళ్ళు మండుతోంది.

"ఏం తగ్గుద్దిలే, గుండెజబ్బొచ్చి పోయింది పాపం" అంది ఆవిడ, చాలా మామూలుగా.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా. కానీ ఆ జవాబుకు వదిన ఫక్కున నవ్వింది. పెద్దావిడా నవ్వి మాకు చెరో జామకాయ ఇచ్చింది. వదిన నవ్వు విన్నాక ఆవిడ మీద నాకు కోపం నిలవలేదు. వేమూరు దాకా ముగ్గురం జామకాయలు కొరుకుతూ కూర్చున్నాం.

తెనాలి స్టేషను బయట ఆటోలకు లోటుండదు. పది గంటలకల్లా క్లినిక్‌లో ఉన్నాం. వెళ్ళేవాళ్ళు మోకాళ్ళ పైదాకా సులువుగా జరిగే బట్టలు కట్టుకుంటే మంచిది. వదిన బిగుతైన లంగాతో పడిన అవస్థ చూసి చెబుతున్నాను.

డాక్టరమ్మ పిక్కలు మెల్లగా నొక్కి చూసింది. చురుక్కుమనడంతో వదిన కాలు లాక్కుంది. ఎప్పుడు మొదలైంది, మీ అమ్మగారికి ఎలా ఉండేది అని అడిగింది. "మా అమ్మవీ ఇట్టాంటి కాళ్ళేనండి" అంది వదిన. అప్పుడు ఆవిడ స్టూలు ముందుకు లాక్కుని, వదిన పాదాన్ని తన చేతిలోకి తీసుకుంది.

"మెట్టెలు ఎప్పుడైనా కోయించుకున్నారా?"

"లేదండి. పెళ్ళినాటివే."

డాక్టరమ్మ మెట్టెను వేలి చుట్టూ తిప్పింది. హాయిగా తిరిగింది. ఆ వేలి మొదట్లో చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లేపితే లేచింది.

"బోదకాలు ముదిరితే పాదమూ వాస్తుందమ్మా. మెట్టెలు బిగుసుకుపోతాయి, ఇక్కడి చర్మం మందమై ఇలా లేవదు. మీకు లావంతా చీలమండ దగ్గర, పట్టీలు పెట్టుకునే చోట ఆగిపోయింది. రెండు కాళ్ళూ ఒకేలా ఉన్నాయి. మీ నొప్పీ, కమలడం, అమ్మగారి సంగతీ అన్నీ కలిపి చూస్తే ఇది బోదకాలు కాదు. దీన్ని లిపెడిమా అంటారు. చర్మం కింద కొవ్వు తేడాగా పెరిగే జబ్బు. దాదాపు ఆడవాళ్ళకే వస్తుంది."

వదిన అడిగిన మొదటి ప్రశ్న, "అంటుకుంటుందాండి?"

"అంటుకోదు."

"నేను ఎక్కువ తినడం వల్ల వచ్చిందా?"

"కాదమ్మా. మీ తప్పేం లేదు."

వదిన కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, దాచడం దేనికి.

అన్నయ్య చెప్పాడు కాబట్టి మిగతాదంతా చెవులప్పగించి విన్నాను. దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. నీరు తీసే మాత్రలు దీనికి పనికిరావు. కొలత తీసి ఇచ్చే బిగుతు మేజోళ్ళు వేసుకుంటే బరువూ నొప్పీ తగ్గుతాయి. నడక మంచిది, నీళ్ళలో నడక ఇంకా మంచిది. సరైన తిండి ఒంటికి అవసరమే గానీ, పస్తులుంటే ఈ కొవ్వు కరగదు. ఇన్ని చేసినా నొప్పి తగ్గక, నడవడం కష్టమైతే అప్పుడు ఆపరేషన్. సన్నటి గొట్టంతో ఆ కొవ్వును లాగేస్తారు, లైపోసక్షన్ అంటారు. ఒక్కసారితో అవ్వకపోవచ్చు. రక్తం గడ్డకట్టడం, చీము పట్టడం లాంటి ప్రమాదాలున్నాయి. తర్వాత కూడా మేజోళ్ళు వేసుకోవాలి. కొన్నాళ్ళకు మళ్ళీ పెరగదని మాట ఇవ్వలేమంది. "అందం కోసం చేసే పని కాదమ్మా ఇది, నొప్పి కోసం. మీకు తొందరేం లేదు. ముందు కొన్ని నెలలు ఇవి చేసి రండి" అంది.

ఒంటిగంటకు తెనాలిలోనే భోజనం చేశాం. వదిన గోంగూర కలుపుకుని తిని, మళ్ళీ అన్నం వడ్డించమంది. ఆవిడ మారు వడ్డించుకోవడం చూసి ఎన్నాళ్ళైందో. "అలా చూడకు, దిష్టి తగులుద్ది" అంది నన్ను.

మధ్యాహ్నం బండికి బాపట్ల చేరాం. మెయిన్‌లైను కాబట్టి బళ్ళు తరచుగానే ఉంటాయి, సీటు మీద ఆశ మాత్రం పెట్టుకోకూడదు. విజయ స్టేషనుకు వచ్చింది. ఎండ తగ్గాక ముగ్గురం సూర్యలంక సముద్రతీరానికి వెళ్ళాం. అలలను నమ్మలేమని, మోకాలి లోతు దాటవద్దని విజయ ముందే హెచ్చరించింది. వదిన చీర కాస్త ఎత్తి కట్టుకుని నీళ్ళలో నిలబడింది. నలుగురిలో ఆవిడ పిక్కలు బయటపెట్టడం నేనెన్నడూ చూడలేదు.

"నీళ్ళు పట్టుకున్నట్టుంది పద్మా. బరువు తెలీట్లేదు" అంది.

ఒడ్డున కూర్చున్నాక వదిన విజయను సూటిగా అడిగింది. "ఆపరేషన్‌తో మీకు బాగుందాండి? నిజం చెప్పండి."

"రెండు విడతలు చేశారండి. మొదట్లో వాపుతో, నొప్పితో ఎందుకు చేయించుకున్నానా అని ఏడ్చాను. ఇప్పుడు మెట్లెక్కగలుగుతున్నాను, క్లాసులో నిలబడగలుగుతున్నాను. కాళ్ళు అంతగా సన్నబడలేదు గానీ తేలికపడ్డాయి. ఈ మేజోళ్ళు మాత్రం వదల్లేదు, చూడండి" అని విజయ చీర అంచు ఎత్తి చూపించింది.

వదిన తల ఊపింది. "అయితే నేను ముందు మేజోళ్ళతో చూస్తానండి. కావాలంటే అది ఎటూ ఉంది కదా" అంది. అన్నయ్య తొందరా, తన భయమూ రెండూ పక్కనబెట్టి ఆ నిర్ణయం వదినే చేసుకుంది.

ఆ రాత్రి విజయ ఇంట్లో పడుకుని, పొద్దున్నే బస్సుకు తయారయ్యాం. గుమ్మం దగ్గర విజయ జాకెట్టు ముక్కలూ, తాంబూలమూ, పసుపు గిన్నే పట్టుకొచ్చి వదిన ముందు కూర్చుంది.

"నాకు పసుపు పడదండి, బొట్టు..." అంది వదిన, అలవాటుగా.

విజయ తలెత్తింది. "నేనూ పన్నెండేళ్ళు అదే చెప్పానండి" అంది.

వదిన నాకేసి చూసింది. తర్వాత కుచ్చిళ్ళు పైకి తీసి, రెండు పాదాలూ ముందుకు చాపింది. విజయ చాలా మెల్లగా, నొప్పి పుట్టే చోటు తెలిసిన మనిషిలా, పాదాల నుంచి పిక్కల దాకా రాసింది. నేను గోడకేసి తిరిగి చెప్పులు వెతుక్కున్నాను. చెప్పులు నా కాళ్ళకే ఉన్నాయి.

చెరుకుపల్లి మీదుగా రేపల్లె వెళ్ళే బస్సులో కూర్చున్నాం. దారి పొడుగునా వరిచేలు, కాలవలు, కుదుపులు. మీలో ఎవరికైనా, మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి కాళ్ళుంటే ఊరు పెట్టిన పేరు నమ్మి కూర్చోకండి. ఒకసారి ఇలా బయలుదేరండి. వెనక్కి వచ్చేటప్పుడు వదిన కాళ్ళు అవే, వాటి లావూ అంతే. కానీ బస్సు నిండా జనం ఉన్నా ఆవిడ కుచ్చిళ్ళు లాక్కోలేదు.

బస్టాండులో అన్నయ్య సంచి అందుకుంటూ, "ఏమందే డాక్టరమ్మ?" అనబోయి ఆగాడు. వదిన పాదాలకేసి చూశాడు. "అదేంటే, నీకు పసుపు పడదుగా?"

"ఎవరన్నారండి?" అంది వదిన. "ఈ శుక్రవారం మనింట్లో పేరంటం పెడుతున్నాను. వీధంతా పిలవాలి."