సీతారామపురం చెరువుకు నేను వేసిన పచ్చరంగు

ఉపగ్రహ చిత్రాలు చూసి ఎక్కడ చెట్లు పెరిగాయో, ఏ చెరువు ఎండిందో నివేదికలు రాయడం నా ఉద్యోగం. హైదరాబాదులో కూర్చుని ఏళ్ళ తరబడి తీసిన చిత్రాలను పక్కపక్కన పెట్టి పోలుస్తాను. పోయిన వేసవిలో నెల్లూరు జిల్లా పడమటి చెరువులు నా వంతుకొచ్చాయి. సీతారామపురం దగ్గరి ఒక చెరువు ఏటికేడు పచ్చబడుతోంది. “పచ్చదనం పెరిగింది, మరమ్మతు అక్కర్లేదు” అని రాసేశాను. రాశాక అనుమానం పట్టుకుంది. మే నెలలో, ఆ మెట్టప్రాంతంలో అంత పచ్చదనం ఎక్కడిది? నివేదిక పంపడానికి ఇంకా నాలుగు రోజుల గడువుంది. సెలవు పెట్టి బయల్దేరాను.

నెల్లూరులో ఉదయం ఆరింటికి బస్సెక్కితే ఏడున్నరకు ఆత్మకూరు చేరాను. బస్టాండు బయట ఇడ్లీ తిని ఉదయగిరి బస్సు పట్టుకున్నాను. రెండు టికెట్లూ కలిపి రెండు వందల లోపే. దారి పొడవునా తడి పొలాలు తగ్గుతూ, ఎర్రనేలా బోడిగుట్టలూ పెరుగుతూ వచ్చాయి. తొమ్మిదిన్నరకు ఉదయగిరిలో దిగి, మస్తాన్ అనే ఆయన ఆటోను రానూపోనూ పన్నెండు వందలకు మాట్లాడుకున్నాను.

“చెరువు చూసేదానికా? ఏముండాది సార్ ఆడ?” అన్నాడు.

“పచ్చగా ఉందట కదా.”

అద్దంలో నన్ను ఒకసారి చూసి ఆటో స్టార్ట్ చేశాడు.

కట్ట ఎక్కగానే అర్థమైంది. చుక్క నీరు లేదు. చెరువు నిండా సర్కారు తుమ్మ ముళ్ళచెట్లు, మనిషి దూరలేనంత దట్టంగా. లోతుకు దిగే వేళ్ళు కాబట్టి ఎండాకాలంలోనూ ఆకు నిలుస్తుంది. నా నివేదిక మెచ్చుకున్న పచ్చదనం అదే.

కట్ట కింద ఇంటి ముందు రమణమ్మ అనే పెద్దావిడ కట్టెలు ఆరబెడుతోంది. పక్కనే మంచం మీద ఆమె భర్త వెంకటయ్య. ఆయన ఎడమకాలికి పాదం లేదు. వచ్చిన పని చెప్పి ఫోనులో చిత్రం చూపించాను. ఆమె క్షణంలో పోల్చుకుంది.

“ఈ మూల పొలం మాది నాయనా. చెరువు కింద వరి పండించినాము. వాగు నించి నీళ్ళొచ్చే కాలవ ఈ చెట్లతో పూడిపోయినాది. ఊళ్ళో ఎవురూ కదల్లేదు. ఈయన ఒక్కడే గొడ్డలి ఎత్తుకోని పోయినాడు. ముల్లు దిగినాది. షుగరుండాది గదా, పుండు మానలా. పాదం తీసేసినారు.” ఫోను వైపు వేలు చూపించి అడిగింది. “ఇదంతా బాగుండాదని ఎవురు రాసినారు?”

“నేనే అవ్వా.”

మంచం మీది నుంచి వెంకటయ్య చెయ్యి చాపాడు. “నేను తీసిన కాలవ అందులో కనపడతాదా?”

ఏ ఏడు తీశాడో అడిగి, ఆ ఏటి చిత్రం తెరిచి పెద్దది చేశాను. పచ్చదనం మధ్య సన్నగా మట్టిరంగు గీత ఉంది. అప్పట్లో కాలిబాట అనుకుని వదిలేశాను. ఆయన ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఇంతేనా? ఇంకా చానా దూరం తీసినాననుకున్నా.”

ఆ మరుసటి ఏటి చిత్రంలో ఆ గీత లేదు. అది ఆయనకు చూపించలేదు.

రమణమ్మ నాకూ మస్తాన్‌కూ సంగటి, గోంగూర పచ్చడి పెట్టింది. మూడింటికి బయల్దేరాం. ఉదయగిరి దాకా ఆటోలో ముగ్గురమున్నట్టే అనిపించింది నాకు. “ఇంతేనా?” అన్న వెంకటయ్య మాట వెంటే వచ్చింది.

తిరిగొచ్చి నివేదిక మార్చాను. చెరువు మరమ్మతుల జాబితాలో చేరింది. పని ఇంకా మొదలు కాలేదని మొన్న మస్తాన్ ఫోనులో చెప్పాడు. నేను బాగున్నాయని రాసిన చెరువులు ఇంకా ఉన్నాయి, ఒక్కటీ కళ్ళతో చూడనివి. ఇప్పుడు సెలవు దొరికినప్పుడల్లా ఒక్కొక్కటే చూసొస్తున్నాను. పైనుంచి తీసిన చిత్రం అబద్ధం చెప్పలేదు. ఆ పచ్చదనం ఏమిటో అడక్కుండా దానికి పేరు పెట్టింది నేను.

ఇలాంటి పని మీద అటు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. ఉదయగిరి దాటాక సిగ్నల్ దొరుకుతుందన్న నమ్మకం లేదు, పాత ఏళ్ళ చిత్రాలన్నీ ముందే ఫోనులో దించుకోండి. వాటిలో తమ పొలం వెతుక్కునే మనిషి ఎదురైతే, తొందరపడకుండా ఆ ఫోను వాళ్ళ చేతికివ్వండి.