ఇప్పచెట్టు కింద మంట

గోదావరి ఒడ్డున, మా చేన్ల వెనకాలే రిజర్వు అడవి. టేకు, నల్లమద్ది, తునికి చెట్లు. హోలీ దాటిందంటే ఇప్పపువ్వు రాలుతుంది. ఎండుటాకుల్లో పడ్డ పువ్వు ఏరడం కష్టమని, మా దగ్గర చెట్టు కింది ఆకు కుప్పచేసి నిప్పు అంటుపెడతారు. నేల నల్లబడితే పువ్వు తెల్లగా కనబడుతుంది. అడవి ఆఫీసువాళ్లు వద్దని ఎంత మొత్తుకున్నా వినేదెవరు? మా అమ్మ అసలే వినదు.

మేము పువ్వు ఏరే ఇప్పచెట్టు పక్కనే తొర్రపడ్డ ముసలి నల్లమద్ది. ఆ తొర్రలో ముక్కు మీద కొమ్ముండే బూడిదరంగు పిట్టల జంట. గుడ్లు పెట్టడానికి ఆడది లోపలికి పోయి, ముక్కు పట్టేంత సందు వదిలి తొర్ర మూతిని మూసేసుకుంటుంది. లోపల దాని రెక్కల ఈకలు రాలిపోతాయి, ఎగరలేదు. మగది పండ్లు తెచ్చి ఆ సందులోంచి తినిపిస్తుంది. మా నాన్న దుబాయిలో ఉంటాడు. ఆ పిట్టను చూసినప్పుడల్లా అమ్మ నవ్వేది.

"సూడు బిడ్డా, గీ మొగోడు నయం. దినాం ఇంటికస్తడు."

పువ్వు ఏరడం మానేసి మరీ, మెడ నొప్పి పుట్టేదాకా చూసేది.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున, ఎప్పటిలాగే అంటుపెట్టింది. నది దిక్కు నుంచి ఒక్కసారిగా గాలి లేచింది. మంట ఎండుగడ్డిని పట్టుకుని మద్ది మొదట్లోకి పాకింది. ఆ చెట్టు లోపలంతా డొల్లే. పొయ్యి గొట్టంలా పొగను పైకి లాగింది. పచ్చికొమ్మలతో కొట్టాం, తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ పోశాం. అమ్మ చీరకొంగు అంటుకుంది, ఆమెకు ఆ సోయే లేదు, నేనే కొట్టి ఆర్పాను. పైన సందులోంచి ముక్కు ఒక్కసారి బయటికొచ్చింది.

"బయటికి ఎల్లే తల్లీ, ఎల్లు!" అని అమ్మ గొంతు చించుకుంది.

ఎట్లా వెళ్తుంది? ముక్కు మళ్లీ కనబడలేదు.

ఆ రోజంతా అమ్మ ముఖం చూస్తే కోపం, చూడకపోతే జాలి.

మరునాడు అమ్మ చెప్పకుండా బయల్దేరితే వెనకే వెళ్లాను. మగపిట్ట వచ్చింది, నోట్లో మేడిపండు. మసిబారిన సందులో ముక్కు పెట్టి ఆగింది. ఎవరూ అందుకోలేదు. కొమ్మ మీద కాసేపు కూర్చుని, మళ్లీ వచ్చి పెట్టింది. అమ్మ రెండు చేతులూ జోడించి ఆ బూడిదలోనే కూలబడింది.

"ఇగ రాకు కొడుకా. లోపల ఎవ్వలు లేరు. నేనే కాలవెట్టిన."

పిట్ట ఆ పండు పట్టుకుని మళ్లీ తొర్ర దగ్గరికే వెళ్లింది.