తోటలో ఆఖరి జాగా

పన్నెండేళ్ళుగా ఒక మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. నా భార్యకు చెప్పలేదు. ఎవరికి చెప్పాల్సి ఉందో ఆ మనిషికి అసలే చెప్పలేదు. మీరు నాకు తెలియరు, నేను మీకు తెలియను. అందుకే మీకు రాస్తున్నాను. పేరు మాత్రం అడగకండి. బోధన్‌లో బడిపంతుల్ని, అంతవరకు చాలు.

వింటే నవ్వుతారేమో, అంత చిన్న సంగతి. ప్రాజెక్టు కట్ట కింద సర్కారు తోట ఒకటి ఉంది. ఎండాకాలం సెలవుల్లో అక్కడ డేరా వేసుకుని మూడు రోజులు ఉండవచ్చు. చల్లటి గాలి, పక్కనే కాలువ, రాళ్ళ పొయ్యి మీద వంట. డేరా మనదే, సామాను మనదే. సర్కారు ఇచ్చేది జాగా ఒక్కటే. ఆ జాగాలు ఆరు. జిల్లా అంతటికీ ఆరు! వాటి కోసం నిజామాబాదు ఆఫీసుకు స్వయంగా వెళ్ళి దరఖాస్తు ఇవ్వాలి. సోమవారమే ఇవ్వాలి. పదకొండు లోపే ఇవ్వాలి. తీసుకోవాల్సిన గుమాస్తా మాత్రం పదకొండున్నరకు వచ్చేవాడు.

మూడు ఎండాకాలాలు కాళ్ళరిగేలా తిరిగాను. ఉర్దూలో రాసుకెళ్తే, ఇప్పుడు ఉర్దూ నడవదు, ఇంగ్లీషులో తెమ్మన్నాడు. ఇంగ్లీషులో తీసుకెళ్తే పిల్లల వయసులు వెయ్యలేదన్నాడు. వయసులు వేసి తీసుకెళ్తే జాగాలు అయిపోయాయన్నాడు. ఎవరికిచ్చారని అడిగితే రిజిస్టరు మూసేసి చాయ్ తాగడానికి లేచాడు. ఎండలో వరసకట్టిన వాళ్ళమంతా అతని ఖాళీ కుర్చీని చూస్తూ నిలబడ్డాం. ఒళ్ళు మండిపోయేది. తరగతిలో నలభై మందిని కంటిచూపుతో కూర్చోబెట్టేవాణ్ణి, ఆ కిటికీ ముందు ‘సార్, సార్’ అని నసిగేవాణ్ణి. ఆ కోపమంతా ఇంటికొచ్చి భార్య మీద చూపించేవాణ్ణి. మొదటి ఏడాది ఆమె పప్పులు, ఉప్పులు మూటలు కట్టి సిద్ధంగా ఉంచింది. రెండో ఏడాది ‘ఏమైంది?’ అని అడిగింది. మూడో ఏడాది అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నాను? తప్పుకు సాకు వెతుక్కుంటున్నానా? అంతే అయి ఉంటుంది. ఒప్పుకోవడానికి కూర్చున్నవాడు కూడా ముందు తన కష్టాలే ఏకరువు పెడతాడు.

నాలుగో ఏడాది నిజామాబాదు బస్సులో సాయన్న కలిశాడు. మా వీధివాడే, చక్కెర కార్ఖానాలో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర పని. తోటలో జాగా కోసమే వస్తున్నానని చెబితే, నీకెందుకయ్యా డేరాలూ గీరాలూ అని నవ్వబోయాను. అతను గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. అతని భార్య గంగామణి మూడేళ్ళు డిచ్‌పల్లి కుష్ఠు దవాఖానలో ఉండి వచ్చింది. పూర్తిగా నయమై వచ్చింది. డాక్టరు ఇచ్చిన ఇంగ్లీషు కాగితం జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. ఈమె వల్ల ఎవరికీ ఏ భయమూ లేదని అందులో ఉంది. చదివి అర్థం చెప్పింది నేనే. కాని ఇంట్లో అతని తల్లి ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు. నాయనమ్మ దగ్గర పెరిగిన ఇద్దరు పిల్లలూ కన్నతల్లి చేతి ముద్ద ముట్టుకోవడం లేదు.

“మా అవ్వ లేని తావుల మూడు దినాలుంటె సాలు సారు. ఆకలైతె ఆమె వండిందే తినాలె గద. ఒక్కపారి తింటె భయం పోతది,” అన్నాడు.

నా కళ్ళు చెమర్చాయి. అది నటన కాదు. తప్పకుండా దొరుకుతుందిలే సాయన్నా అని భుజం తట్టాను. గంట తర్వాత నేను చేసిన పని చేసింది కూడా ఈ మనిషేనా? అదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

వరసలో అతను నా ముందు ఉన్నాడు. గుమాస్తా అతని కాగితం తీసుకుని, రిజిస్టరులో పేరెక్కించి, రెండో నకలు తెమ్మన్నాడు. బయట దరఖాస్తులు రాసే మనిషి ఉంటాడు. “జర నా జాగ సూడుండ్రి సారు,” అని నాతో చెప్పి సాయన్న అటు పరుగెత్తాడు. నా వంతు వచ్చింది.

“అయిపోయినయి,” అన్నాడు గుమాస్తా తల ఎత్తకుండానే. “గా ముందటాయినదే ఆఖరిది.”

నాలుగో ఏడాది కూడా! బస్సు దిగి వీధిలోకి నడవడం, ఏమీ అడగని భార్య ముఖం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కదిలాయి. కిటికీలోకి వంగాను.

“ఆయన ఇంటామె యాడికెల్లి అచ్చిందో ఎరుకేనా సార్?”

“యాడికెల్లి?”

“డిచ్‌పల్లి దవాఖానకెల్లి. మూడేండ్లు ఉన్నది.”

గుమాస్తా తల ఎత్తాడు. నాలుగేళ్ళలో నా ముఖం కేసి చూడటం అదే మొదలు.

“తోటల అందరు తాగేది ఒక్క నల్ల నీళ్ళే గదనయ్యా!” అన్నాడు.

నయమైంది సార్, కాగితం నేనే చదివాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నోరు జారిందని సరిపెట్టుకుందామన్నా వీల్లేదు. ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో చూసుకుని మరీ ఆపాను. అతను సాయన్న పేరు కొట్టేసి నా పేరు రాశాడు. ‘కూర్చోండి సారు’ అని బల్ల కూడా చూపించాడు.

సాయన్న నకలు పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. ఆఖరిది పంతులు సారుకు పోయింది, ఇక జాగాలు లేవు పొమ్మన్నాడు గుమాస్తా. కారణం చెప్పలేదు. ఇప్పుడే రాసిండ్రు గద సార్ అని సాయన్న చేతులు జోడించాడు. నేను గోడ మీద అంటించిన నోటీసు చదువుతున్నట్టు నిలబడ్డాను. తిరుగు బస్సులో అతను నా పక్కనే కూర్చున్నాడు. ఎడపల్లి దాటాక, “మీకైన దొరికింది సారు, సంతోషం. మా ఇంట్ల పెద్ద గంజున్నది, వంటకు తీస్కపోండ్రి,” అన్నాడు.

ఆ వంట గిన్నె తీసుకెళ్ళాను. గంగామణి తోమి పెట్టిన ఆ గంజులోనే నా భార్య మూడు రోజులు వండింది, నా పిల్లలు తిన్నారు. నాకు కించిత్తు భయం కూడా వెయ్యలేదు. భయం లేదని నాకు తెలుసు కదా. మరి కిటికీ దగ్గర ఎవరి భయం పెట్టుబడిగా పెట్టాను?

ఇంకో సంగతి చెబితే మీకూ ఒళ్ళు మండుతుంది. ఆరు జాగాల్లో రెండు ఆ మూడు రోజులూ ఖాళీగానే ఉన్నాయి. ఎప్పుడూ అంతేనట, ఎవరైనా ఆఫీసర్లు వస్తారేమోనని అట్టిపెడతారని కాపలావాడు చెప్పాడు. ఆఖరిది అన్నదే అబద్ధం. గుమాస్తాతో గట్టిగా పోట్లాడితే మా రెండు కుటుంబాలూ అక్కడ ఉండేవి. పోట్లాడే దమ్ము లేక, నాకంటే దిక్కులేనివాడి కాలు లాగాను. ‘ఇంత ఖాళీ ఉంది, పాపం సాయన్న వాళ్ళు కూడా వస్తే బాగుండేది’ అంది నా భార్య. ఆమె మీద అరిచాను.

వానలు మొదలయ్యాక గంగామణి డిచ్‌పల్లికి తిరిగి వెళ్ళిపోయింది. జబ్బు తిరగబెట్టి కాదు. ఆ దవాఖాన వంటింట్లోనే పని అడిగి చేరింది. సాయన్నే మా గడపలో కూర్చుని చెప్పాడు.

“ఆడ ఆమె వండితె వంద మంది తింటున్నరట సారు. మా ఇంట్ల ఇద్దరు తినలె.”

తర్వాత గుమాస్తాను తిట్టాడు. వాని నోట్ల మన్ను పడ, గా మూడు దినాలు దొరికితె నా ఇల్లు నిలుస్తుండె అన్నాడు. నేనూ తిట్టాను. అతనికంటే గట్టిగా తిట్టాను.

ఆ మూడు రోజులు దొరికినా పిల్లలు తినేవారు కాదేమో. పన్నెండేళ్ళుగా ఈ మాటతోనే నన్ను నేను జోకొట్టుకుంటున్నాను. తినేవారో తినరో వాళ్ళ తల్లి తేల్చుకోవాల్సింది. ఆమెకా అవకాశం లేకుండా చేయడానికి నేనెవర్ని?

సాయన్న ఇప్పటికీ ఎండాకాలం వస్తే ఆ గుమాస్తానే తలుచుకుని తిడతాడు. సాయన్న పేరు కొట్టించింది గుమాస్తా కాదు, నేను. ఈ వాక్యం ఇన్నేళ్ళలో ఇవాళే రాశాను. రాశాక గుండె కాస్త తేలికపడింది, అలా తేలికపడినందుకు సిగ్గుగా కూడా ఉంది. మా ఇంటికి నాలుగో ఇల్లు అతనిది. ఇప్పుడు కూడా అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు, ఈ కిటికీలోంచి కనిపిస్తున్నాడు. నేనింకా లేవలేదు.