సగం బాకీకి సాక్ష్యం

నా చిన్నప్పుడు మా తాతయ్యా, నౌపడలో ఉప్పు మళ్ళు చేసే ఆయన స్నేహితుడూ నెలకో ఆదివారం చర్చి వరండాలో చెరో చివరా నిలబడేవారు. లోపల ప్రభువు బల్ల, అంటే రొట్టే ద్రాక్షరసమూ పంచే ఆరాధన, జరుగుతుండేది. మనసులో పగ పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదని మావాళ్ళ నమ్మకం. ఒకప్పుడు ఒకే కంచంలో తిన్న మనుషులు వాళ్ళు. అకాల వర్షానికి ఉప్పంతా కరిగిపోయి ఆ స్నేహితుడు తన దగ్గర తీసుకున్న అప్పు తీర్చలేకపోతే, మా తాతయ్య రోషానికి పోయి కోర్టుకెక్కాడు. డిక్రీ తెచ్చుకున్నాడు. తెచ్చుకుని ఏం బావుకున్నాడు? సొమ్ము వసూలు కాలేదు, మాటలూ పోయాయి. అలాగే ఏళ్ళు గడిచాయి.

చివరికి మా చర్చి అయ్యగారు ఇద్దరినీ కూర్చోబెట్టారు. బేరం మధ్యాహ్నం దాకా సాగింది. సగం ఇస్తే బాకీ మొత్తం తీరినట్టు కోర్టులో రాయించడానికి మా తాతయ్య ఒప్పుకున్నాడు. ఎంత సంబరపడ్డామో! మా నాయనమ్మ అయితే వచ్చే ఆదివారం వాళ్ళని భోజనానికి పిలవాలని చేపలకి కూడా పురమాయించేసింది. తీరా లేవబోతూ మా తాతయ్య ఒక మెలిక పెట్టాడు. మిగతా సగం తాను వదిలేసినట్టు స్నేహితుడు సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలట. దేవుడు చేసిన మేలుకి లేచి సాక్ష్యం చెప్పడం మాలో మామూలే. మనిషి చేసిన మేలుకి పట్టుబట్టి చెప్పించుకోవడం మేమెక్కడా ఎరగం.

ఆ ఆదివారం ఆయన లేచాడు. "నా బాకీలో సగం బావ ఒగ్గీసినాడు. దేవుడికి స్తోత్రం" అన్నాడు. ఆడవాళ్ళ వైపు చాప మీద ఆయన భార్య తల ఎత్తలేదు. రొట్టె పంచే వేళకి చూస్తే ఆ భార్యాభర్తలిద్దరూ లేరు. మా తాతయ్య ఒక్కడే తీసుకున్నాడు.

ఇంటికొచ్చాక మా నాయనమ్మ కడిగేసింది.

"సొమ్ము సగం ఒగ్గీసినావు. పరువు మాత్రం అణా పైసలతో వసూలు సేసినావు గదా! ఏటి మిగిలింది నీకు?"

మర్నాడే తాతయ్య నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు. ఎప్పుడూ నోరారా బావా అని పిలిచే మనిషి, "ఏటి పనండీ, ఇలాగొచ్చారు?" అన్నాడు. క్షమించమని అడగడానికి వెళ్ళిన మా తాతయ్య ఆ మాట ఎత్తకుండానే నీళ్ళు తాగి లేచి వచ్చేశాడు. పోయేదాకా ఆ బాధ ఆయన్ని వదల్లేదు.

మొన్నామధ్య శ్రీకాకుళంలో లోక్ అదాలత్ జరిగితే, మా ఆయనకి రావలసిన బాకీ మీద మిగిలిపోయిన ఒక పాత డిక్రీని నేనూ సగానికి తెంపేసుకున్నాను. అవతలి మనిషి సంతకం పెడుతుంటే, చుట్టాలందరికీ పంపుతానని మా మనవడు ఫోను తీసి ఫొటోకి సిద్ధమయ్యాడు.

"జేబులో పెట్రా దాన్ని" అని కసిరాను.

వాడు బిత్తరపోయాడు. "మంచి పనే కదా మామ్మా సేసావు, పదిమందికీ తెలిస్తే తప్పేటి?" అన్నాడు.

వాడినేం అనను? ఆనాడు అయ్యగారు వద్దని బతిమాలుతుంటే మా తాతయ్యా సరిగ్గా ఈ మాటే అన్నాడు.