ఏడో నంబరు పలక

మా పిన్ని పాతికేళ్లుగా ఒక లాడ్జిలో గదులు ఊడుస్తోంది. ఆవిడ నోటికి జడవనివాళ్లు ఆ వీధిలో లేరు. కచేరీకని వచ్చిన వయొలిన్ విద్వాంసుడు, ముప్పై నిండనివాడు, ఏడో నంబరు గదిలో పరుపు మీదే గుండె ఆగి చనిపోతే ముందు చూసింది ఆవిడే.

ఆ గది చూడ్డానికి అభిమానులు ఎగబడ్డారు. దానికి కిటికీ లేదు, ఫొటోలు బాగా రావడం లేదు. మేనేజరు, వాడి తెలివి తగలెయ్య, ఏడో నంబరు పలకను వీధివైపున్న తొమ్మిదో గదికీ, తొమ్మిదో పలకను ఈ గదికీ పిన్నిచేతే మార్పించాడు.

"నోరు విప్పావంటే పని పోతుంది" అన్నాడు. పిన్ని విప్పలేదు.

ఏడాదికి ఆ విద్వాంసుడి తల్లి వచ్చింది. ఏడో పలక చూసి లోపలికెళ్లి, మంచం పట్టుకుని గంటసేపు ఏడ్చింది.

"కాసేపు నడుం వాలుస్తానమ్మా. ఈ గదిలో మాత్రం నావల్ల కాదు" అంది.

మేనేజరు తొమ్మిదో నంబరు తాళంచెవి ఇచ్చాడు. పిన్ని ఆవిణ్ణి తీసుకెళ్లి, అదే పాత పరుపు మీద కొత్త దుప్పటి పరిచింది.

సాయంత్రం ఆ తల్లి తేటపడ్డ మొహంతో బయటికొచ్చింది.

"వాడు పోయాక ఇంత హాయిగా నిద్రపట్టడం ఇదే మొదలు. గది ఎంత చల్లగా ఉందో!"

"అవునండీ," అంది పిన్ని. "ఎండ తగలదు."